రెండు రెండు మూడు

దేవరకొండ రోడ్డు మీద నా దుకాణం.
మోటరు స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు,
కాలిన కాయిళ్ల వాసన.
తొమ్మిది వోల్టుల బ్యాటరీతోని బతికే వస్తువు
ఎన్నడూ ఈ బల్లెక్కలే.

బర్నబాసు తెచ్చిండు,
యూరియా సంచిల సుట్టి.
నాలుగు తీగెల గిటారు, బేసు.
"అక్కా, ఇది మోగుతది గని
నాకు ఇనొస్తలే."

వెనక మూత ఇప్పిన.
అగ్గిపెట్టెంత బోర్డు, మూడు నాబులు.
ట్రెబుల్ చివరిదాంక తిప్పి పెట్టిండు,
తిప్పి తిప్పి దాని గీత అరిగింది.
చర్చిల మంది చెవులు మూసుకుంటున్నరట,
కప్పు రేకులు పళ్లు కొరుకుతున్నయట,
పాస్టరమ్మ రెండుసార్లు చెప్పి చూసిందట.

"తగ్గియ్యొచ్చు గద?"
"తగ్గిస్తే నేను పోత."

అప్పుడు చూసిన అతని చేతులు.
బోరుబండి మీద పదకొండేండ్లు.
రాడ్లు ఎక్కించుడు, దించుడు,
మొరిగే కంప్రెసర్ పక్కనే కునుకు తీసుడు.
ఏడువందల ఫీట్ల బొక్కలల్ల
నీళ్లు ఎన్ని పడ్డయో ఎవలకెరుక,
ఇతని చెవులల్లి సన్న చప్పుళ్లు మాత్రం
ఒక్కొక్కటే అండ్ల పడిపోయినయి.
సైకిల్ బెల్లు.
పోపుల ఆవాలు.
బిడ్డ పేరు సుహాసిని,
ఎవరన్న పిలిస్తే
ఉహాయిని అని ఇనొస్తదట.

రోగం బోర్డుల లేదు.
అయినా పని బోర్డు మీదనే చెయ్యాలె,
చెవికి కెపాసిటర్ మార్చేటోడు
కల్వకుర్తిల ఎవడున్నడు?

మిడ్డు నాబు కాడ రెండు చిన్న కెపాసిటర్లు,
బెల్లం రంగు పలుకులు,
మీద ఒకటి సున్నా మూడు అని రాత.
అవి లేపేది ఎనిమిది వందల దగ్గరి గొంతును.
అక్కడ అతనికి సగం పొద్దుగూకింది.
ఇంకా కిందికి దిగాలె,
వెలుగున్న కాడికి.

టంకం పెట్టకుండ క్లిప్పులతోని తగిలించిన,
ఒక్కో జత మార్చుకుంట.
ఒకటి ఐదు మూడు. తల అడ్డం ఊపిండు.
నాలుగు ఏడు మూడు. "మబ్బు వట్టినట్టుందక్కా."
రెండు రెండు మూడు.
లావు తీగె ఒక్కసారి మీటిండు.
డబ్బాల నట్లు కదిలినయి.
మీటిన చెయ్యి మీటినట్టే ఆగింది.
బొటనవేలు దిక్కు చూసుకున్నడు
ఎవలో దాన్ని తిరిగిచ్చినట్టు.

"ఇది నాదేనా?"

నీదే అన్న. ఫ్యాను బందు వెట్టి
నాలుగు చుక్కల టంకం.
పొగ నిలువుగ లేచింది.

ట్రెబుల్ దారిల ఒక రెసిస్టర్ కూడ పెంచిన,
ఇగ ఎంత తిప్పినా రేకులు కొరకకుండ.
అది అతనికి చెప్పలే.
తిప్పుకోనీ.

నూట ఇరవై తీసుకున్న.
కెపాసిటర్లకు నాలుగు రూపాయలు,
మిగిలింది ఇనుడుకు.
పీకిన రెండు పలుకులు ఫ్యూజుల డబ్బాల ఏసిన,
ఎవలికో పనికొస్తయి, చిన్న చెవులోళ్లకు.

ఆదివారం మార్చాలల స్టార్టర్ ఇయ్యనీకి పోతుంటే
చర్చి కాడ బండి ఆపిన.
పాటంత పిల్లలది, కీబోర్డుది.
బేసు కోసం ఎవలూ తల తిప్పలే,
చప్పట్లు మాత్రం ఎక్కడా తప్పుతలేవు.

బయట గోడకు ఒక పిల్ల
రెండు అరచేతులు ఆనిచ్చి నిలబడ్డది,
కండ్లు మూసుకొని.
నా దిక్కు తిరిగి మూతి మీద వేలు పెట్టి
ష్, అన్నది.
బండి ఇంజను బందు చెయ్యలేదని
అప్పుడు యాదికొచ్చింది.