వెన్న కత్తి

మా ఊరి కొట్లో, రొట్టెల అలమరకీ పాల పెట్టెకీ మధ్య
నా తపాలా బల్ల.
దాని మీద ఒక తూకం.
దానికి మనుషులు తెలియరు,
గ్రాములు తెలుసు, అంతే.

పోయిన శీతాకాలం దాకా
ప్రతి మంగళవారం ఎండెల్ వచ్చేవాడు,
కోటు జేబుల్నిండా జూనిపర్ వాసనతో.
మా సారెమా దీవిలో ఆ చెట్టు
మణికట్టంత లావెక్కడానికి మనిషి జీవితం పడుతుంది.
అతను నరకడు. గాలివానకి పడ్డదే ఏరుకొస్తాడు,
రెండేళ్లు నీడన ఆరబెట్టి వెన్న కత్తులు చెక్కుతాడు.
లియోన్‌కి ఒకటి, ఒసాకాకి రెండు,
హాలిఫాక్స్‌లో ఎవరి పెళ్లికో పన్నెండు.
ఒక్కొక్కటీ నలభై గ్రాములు, చుట్టిన కాగితంతో సహా.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
ఆన్‌లైన్ అంగడి అతని కొట్టు మూసేసింది.
"మీ వస్తువు ఆయుధాల నిబంధనను అతిక్రమించింది."

ఆ మంగళవారం ఖాళీ చేతులతో వచ్చి
ఫోను నా ముందు పెట్టాడు.
"నువ్వు చదువు, నా కళ్లద్దాలు సరిగ్గా లేవేమో."
చదివాను.
కళ్లద్దాలు సరిగ్గానే ఉన్నాయి.

ఆ కత్తికి వెన్న కూడా
కాసేపు బయటపెట్టి మెత్తబడితే గానీ లొంగదు.

అదే అంగడిలో, రెండు వేళ్ల కింద, ఒక బాకు:
రెండు వైపులా పదును, నడుమ నెత్తురు గాడి,
"వేటకి, ఆత్మరక్షణకి, ఆత్మీయులకి బహుమతిగా."
పద్నాలుగు వేలు అమ్ముడుపోయాయట.
పక్కన ఉత్తమ విక్రేత బిళ్ల.
దాని కింద యంత్రం కోసిన వెన్న కత్తి,
ఎండెల్ తీసిన ఫొటోతోనే!
కిటికీ గట్టు అతనిది,
గట్టు మీంచి వేలాడే పిల్లి తోక అతని పిల్లిది.
"చేతితో చేసినది" అని రాసుంది.
ఎవరి చేతితోనో రాయలేదు.

ఇద్దరం కూర్చుని అప్పీలు రాశాం,
మధ్యలో వచ్చినవాళ్లకి స్టాంపులిస్తూ.
నాలుగు నిమిషాల్లో జవాబు:
"క్షుణ్ణంగా పరిశీలించాం."
ఒక పార్సిలు కట్టడానికి నాకు అంతకంటే ఎక్కువ పడుతుంది.
బాకు మీద నా పేరుతో ఫిర్యాదు చేశాను:
"ఏ ఉల్లంఘనా కనబడలేదు."
పిల్లి తోక సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.

సున్నపు బట్టీ మైము అంతా విని పకపకా నవ్వింది.
"కత్తి అంటే కదా గొడవ? చెంచా అను."
అన్నాడు పాపం.
మూడు రోజులు నిలిచింది.
నాలుగో రోజు తీసేశారు, తప్పుదోవ పట్టించే పేరని.

నా కోపం రూలు మీద కాదు.
నా బల్లకీ ఉందొకటి,
ముప్పై కిలోలు దాటితే తీసుకోను.
మా అక్క తెచ్చిన ఆలుగడ్డల బస్తా
వెనక్కి పంపేశాను ఒకసారి.
నడివేసవి దాకా మాట్లాడలేదు,
తర్వాత మాట్లాడింది.
ఎవరు కాదన్నారో తనకి తెలుసు మరి,
తిట్టడానికి ఒక ముఖం ఉంది.
ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టేవాడైనా
పెట్టేముందు ఆ కళ్లలోకి చూస్తాడు.
ఇక్కడ చూసినవాడే లేడు.

మొన్న ఎండెల్ పేరుతో ఒక కవరు వచ్చింది.
తనే డబ్బులు కట్టి తెప్పించుకున్నాడు,
తన పిల్లి తోకతో అమ్ముడవుతున్న ఆ కత్తిని.
నా బల్ల దగ్గరే విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని
ఏమీ అనకుండా తూకం మీద పెట్టాడు.
ముప్పై ఒకటి.
జేబులోంచి తన కత్తి తీసి పెట్టాడు.
ముప్పై ఒకటి.

ఎండెల్ నా వైపు చూశాడు.
నేను తూకం వైపు చూశాను.
ఇన్నేళ్లలో మొదటిసారి
దాన్ని గుడ్డతో తుడిచి, సున్నా దగ్గరికి తెచ్చి,
మళ్లీ పెట్టమన్నాను.