బేసి లెక్క

నోటో ఊళ్ళో పదకొండేళ్ళుగా పెళ్ళిళ్ళు చేయిస్తున్నాను.
నా పెళ్ళి రెండుసార్లు కుదిరి తప్పిపోయింది,
అది వేరే సంగతి.

ఆ వసంతానికి నా పుస్తకంలో పందొమ్మిది పెళ్ళిళ్ళు.
నెల తిరక్కుండా పందొమ్మిది అడ్డగీతలు.
పెన్సిల్‌తో రాయడం అప్పుడే అలవాటైంది:
తేదీలూ, పేర్లూ,
ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదో అదీ.
రబ్బరు అరిగిపోయేసరికి కొట్లన్నీ మూతపడ్డాయి,
రొట్టె ముద్దతో చెరిపాను.

పూలమ్మే మెలీనా గుత్తులన్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది.
గేటు దగ్గరే వద్దన్నారు.
అంబులెన్సులు మలుపు తిరిగే చోట
గోడవారగా దించి వచ్చేసింది.
"పెళ్ళికని కట్టినవి కదా," అంది ఫోన్లో,
"ఎటు తిరిగి నిలబడాలో వాటికేం తెలుసు."

మిఠాయిల సారో కొట్లో
చక్కెర పూసిన బాదం పప్పు ఎనభై కిలోలు.
"ఇవి పాడవ్వవు అగతీనా," అన్నాడు,
"మనమే పాడవుతాం."

డిపాజిట్ వెనక్కి అడిగేవాళ్ళు
మొదట్లో అరిచేవాళ్ళు.
అరుపులకి నేనేం భయపడలేదు.
గొంతులో మర్యాద ఎక్కువైందంటే
ఆ ఇంట్లో ఎవరో పోయారని అర్థం.
అడక్కముందే పంపించెయ్యడం నేర్చుకున్నాను,
కాస్త ఆలస్యంగా.

రోసాల్బా, గాస్పరేల ముహూర్తం నాలుగుసార్లు జరిగింది.
గౌను నడుం రెండుసార్లు వదులు చేశారు,
ఒకసారి బిగించారు.
రెండువందల నలభై మందిని ముప్ఫై చెయ్యాలని కాగితం వచ్చాక
వాళ్ళ వంటగదిలో మూడు రాత్రులు కూర్చున్నాం.
పేరు కొట్టెయ్యాల్సి వచ్చేసరికి
ఎవరి చేతికీ పెన్సిల్ రాదు.
నావైపు తోశారు.
కూలికి పేర్లు కొట్టేసేది నేనే మరి.

అన్నిటికంటే ముందు కొట్టేసింది క్రొచిఫిస్సా పేరు.
గాస్పరే నాయనమ్మ, తొంభై ఒకటి దాటింది.
ఆమె మంచికే అన్నాడు డాక్టరు.
మంచికే అన్నాం అందరం.
ఆమెని ఎవరూ అడగలేదు.

పెళ్ళయింది. మాస్కుల మీంచి కళ్ళు నవ్వాయి,
లేదా ఎండకి చికిలించుకున్నాయి, చెప్పలేను.
దారిలో కారు ఆ సందులోకి తిప్పించాను.
మూడో అంతస్తు బాల్కనీలోంచి
తాడు కట్టిన బుట్ట దిగింది,
అన్ని నెలలుగా రొట్టె ఎక్కిన బుట్టే.
అడుగున చదివింపుల కవరు,
దాని మీద బరువుగా ఒక నిమ్మకాయ.
"నా బాదం పప్పులేవీ?"
అని సందంతా వినేలా అడిగింది.

మా వైపు పెళ్ళికొచ్చిన ప్రతివాళ్ళకీ
తెల్లటి వల గుడ్డలో ఐదు బాదం పప్పులు మూటకట్టి ఇస్తాం.
ఐదుని ఇద్దరు సమంగా పంచుకోలేరు,
జంట విడిపోదని నమ్మకం.
ముప్ఫై మందికి ముప్ఫై మూటలే కట్టించాను.
వచ్చేవాళ్ళని లెక్కపెట్టడమే పని అనుకున్నాను
అన్నేళ్ళూ.

చేతిసంచి అడుగున
నమూనాకి కట్టిన మూటొకటి దొరికింది.
బుట్టలో పెట్టాను. పైకి వెళ్ళింది.
కాసేపు చప్పుడు లేదు.

"నాలుగా!
సరి సంఖ్యా! ఎవరమ్మా ఈ పెళ్ళి చేయించింది?"

ఎదురింటి కిటికీలు కూడా తెరుచుకున్నాయి.
పొద్దున్నే ఏమీ తినకుండా బయల్దేరి
ఆ మూటలోంచి ఒకటి నోట్లో వేసుకున్నది గుర్తొచ్చింది.
బళ్ళో పిల్లలా చెయ్యెత్తాను.

ఆమె నన్ను చూసింది.
గౌను కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్న పిల్లనీ,
తలెత్తి నిలబడ్డ మనవణ్ణీ చూసింది.
ఒక బాదం పప్పు తీసి
పళ్ళున్న వైపు దవడకి తోసుకుంది.
మేం కింద ఎండలో నిలబడే ఉన్నాం.
చాలాసేపు పట్టింది.
పటుక్కుమన్న చప్పుడు
అంత దూరం వినిపించిందంటే ఎవరూ నమ్మరు.

"ఇప్పుడు మూడు," అంది.
"పొండిక, అన్నాలు చల్లారిపోతాయి."