నిండు ట్యాంకు

చించినాడ వంతెన మీద ఏడో స్తంభం దగ్గర
మళ్ళీ ఆగిపోయింది.
ముందు రెండుసార్లు దగ్గింది,
తర్వాత భుజాలెగరేసినట్టు ఓ కుదుపు,
ఆపైన కింద వశిష్ఠ పారుతున్న చప్పుడొక్కటే.
వెనకాల కొబ్బరికాయల లారీవాడు హారన్ కొట్టి కొట్టి
చివరికి వాడే దిగొచ్చి తోశాడు.

డెబ్బై రెండు నాటి అంబాసిడరండి నాది.
గుండె మాత్రం దానిది కాదు.
తణుకు తుక్కుకొట్లో పడున్న కాంటెస్సా లోంచి
ఊడదీసుకొచ్చిన ఇసుజు ఇంజను.
పాత పంపు పీకేసి డిక్కీ కింద కరెంటు పంపు పెట్టాను,
పాయింట్లు తీసి ఎలక్ట్రానిక్ పెట్టాను,
కొన్నాళ్ళు వెనక అద్దంలో నా మొహం కూడా
కాస్త కొత్తగా కనపడేది.

ఆగిన ప్రతిసారీ ఏదో ఒకటి కొన్నాను.
ఫిల్టర్లు మూడు. పంపులు రెండు. కాయిలొకటి.
కార్బొరేటర్ విప్పి జెట్లు ఊదాను,
ఫ్లోటు చెవి దగ్గర పెట్టుకుని ఊపాను,
ఏం వినాలో తెలీక మళ్ళీ బిగించేశాను.
పెట్రోలు ఆవిరై దారిలో అడ్డుపడుతోందని ఎవరో అంటే
గొట్టానికి తడిగోనె చుట్టుకుని
నర్సాపురం దాకా తిరిగాను, కాలికి కట్టుతో తిరిగినట్టు.
భయం కొద్దీ బంకు కనపడితే చాలు
నిండా పోయించాను.

దిండి ఒడ్డున నేలపూడి ఏసుపాదం షెడ్డు.
ఉప్పుగాలికి రేకులన్నీ జల్లెడ.
వాళ్ళ నాన్న లాకుల దగ్గర లస్కరు చేశాడట.
ఆయన బానెట్ ఎత్తనేలేదు.
"శివారు చేను ఎండితే శివారులో తవ్వకూడదండి,
తూము కాడ్నుంచి నడుచుకుంటా రావాలి" అని
బీడీ దూరంగా ఆర్పేసి
కారు వెనక్కి నడిచాడు.

అడిగింది రెండే ప్రశ్నలు.
ఆగాక మళ్ళీ ఎంతసేపటికి లేస్తది?
ఓ టీ తాగినంతసేపటికండి.
ట్యాంకులో ఎంతున్నప్పుడు తొందరగా ఆగతది?

ఎప్పుడూ ఎవరూ అడగని ప్రశ్న.
అడుగంటినప్పుడు మలికిపురం పోయి వచ్చేది.
సగముంటే రాజోలు దాటేది.
పాలకొల్లులో నిండా పోయిస్తే మాత్రం
ఈ వంతెన దాటదు.

ఆయ్, అన్నాడు. అంతే.
ఇంజను తిప్పమన్నాడు. తిరుగుతోంది.
పావుగంట అలాగే నిలబడ్డాడు, చెవి డిక్కీ వేపు పెట్టి.
పంపు గొంతు రానురాను సన్నబడి
కీచుమంటోంది. ఇంజను దగ్గింది.
అప్పుడు ట్యాంకు మూత మీద చెయ్యేసి తిప్పాడు.

సుయ్యిమని
ఊరి గాలంతా లోపలికి దూరింది.
పడబోతున్న ఇంజను తమాయించుకుని
ఏం జరగనట్టు కూనిరాగం మొదలెట్టింది.

మూత వెనక్కి తిప్పి నా మొహం ముందు పెట్టాడు.
గాలి కన్నం ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద,
రాయిలా గట్టిపడి,
దాని మీద ఓ బొటనవేలి ముద్ర.

నాదే.
ఆ ఏడు వరద. అర్ధరాత్రి మా లంక మీదికి
ఎర్రనీళ్ళు ఎక్కుతుంటే,
కారుని ఇటుకల మీదికి లేపి,
పొగగొట్టంలో గుడ్డలు కుక్కి,
టార్చి పళ్ళ మధ్య కరుచుకుని,
ఎం-సీల్ పిసికి ఆ కన్నం మూసింది నేనే.
చుక్క నీరు పోలేదు లోపలికి.
ఆ తర్వాత గాలీ పోలేదు.
ఎంత నింపితే అంత తొందరగా
దానికి ఊపిరాడే చోటు లేకుండా చేశాను.

సైకిలు పుల్ల సానబట్టి కన్నం తొలిచాడు.
పొడి ఊదేశాడు. డబ్బులు పుచ్చుకోలేదు గానీ
నా రెండో పంపు మాత్రం అడిగి తీసుకున్నాడు,
మేనల్లుడి వ్యానుకి పనికొస్తుందని.
"వరదొస్తే మళ్ళీ మూస్తారు గదా, మూయండి.
మూసిన్నాడు స్టీరింగుకి ఓ ఎర్రగుడ్డ కట్టుకోండి."

సాయంత్రం నిండా పోయించి వంతెనెక్కాను.
ఏడో స్తంభం దగ్గర
నా కాలు దానంతటదే పైకి లేచింది.
కారు ఆగలేదు. నేనే నెమ్మదించాను.
వెనక ఎవరో హారన్ కొట్టారు.