దగ్గు

సినిమా బాగుంది. ముందే చెప్పేస్తున్నా,
తర్వాత ఎన్ని వంకలు పెట్టినా
ఈ మాట వెనక్కి తీసుకోను.

బతూమిలో వాన. అక్కడ వాన పడని రోజుల్ని
లెక్కపెట్టుకోవడం తేలిక.
తడిసిన కోటు ఒళ్లో పెట్టుకుని ఏడో వరసలో కూర్చున్నాను.
పొద్దుతిరుగుడు గింజల పొట్లం విప్పాను గానీ
చెంచా గోడను గీకడం మొదలైన దగ్గర్నుంచి
మొదటి గింజ నాలుక మీదే ఉండిపోయింది.

ఆ చప్పుడు ఎవరు పట్టారో గానీ
చెయ్యెత్తి మొక్కాలి.
పంటి నరాన్ని గోటితో మీటినట్టుంది.
హాలు హాలంతా ఒక్క చెవి అయిపోయింది.

ఇక వంకలు.
ఖైదీల పళ్లు మరీ తెల్లగా ఉన్నాయి.
జైలుకి వాసన లేదు.
మా గదిలో ముగ్గురం, ఒక బక్కెట్టు,
ఆ బక్కెట్టుని ఏ కెమెరా చూపిస్తుందిలే.
ఫిడేళ్లు మూడు నిమిషాలు మోగేసరికి గోడకి కన్నం పడిపోయింది!
మాకు పద్నాలుగు నెలలు పట్టింది.

మాకు అన్నాను కదూ.
నేను తవ్వలేదు.
రాలిన సున్నాన్ని టీ మగ్గులో కలిపి
మగ్గు తర్వాత మగ్గు దొడ్లో పారబోశాను, అంతే.

అసలు వంక ఇది:
గదిలో నలుగురుంటే ముగ్గురు పారిపోతారు.
నాలుగోవాడు ముసలాడు. వాడికి పేరు కూడా పెట్టలేదు.
కెమెరా ఆ ముగ్గురి వెనకాలే కన్నంలో దూరింది.
మిగిలినవాడి మొహానికి రెండు క్షణాలు.

నాకప్పటికి నలభై ఒక్క రోజులే మిగిలాయి.
నలభై ఒక్క రోజుల కోసం ఎవడు గోడ దూరతాడు?
ఓతియాకి ఊపిరితిత్తులు చెడిపోయాయి,
గంటకోసారి దగ్గేవాడు, కుండ పగిలినట్టు.
కాపలా బెసో ఒట్టి బద్ధకస్తుడు,
తలుపు కన్నంలోంచి చూసేవాడు కాదు, వినేవాడు.
దగ్గు వినపడితే లెక్క సరిపోయినట్టే.
‘తెల్లారేదాకా నా దగ్గు నువ్వు దగ్గు’
అన్నాడు ఓతియా, చిటికెడు ఉప్పు అడిగినట్టు.

దగ్గాను.
మధ్యమధ్య జుంబెర్ గురక కూడా నేనే పెట్టాను.
పొద్దుటికి గొంతులో నెత్తురు జీర.
నలభై ఒక్క రోజులు మూడేళ్లయ్యాయి.

వాళ్లిద్దరూ సముద్రం దాటారో,
సముద్రమే వాళ్లని దాటేసిందో,
కబురు లేదు.
‘దొరికుంటే పేపర్లో వేసేవాళ్లుగా’ అనేది లియానా,
నా కాఫీలో పంచదార ఎక్కువేస్తూ.

సరే, సినిమా.
టార్చి వెలుగు వసారా చివర పుట్టింది.
అక్కడ సంగీతం ఆపేశాడు చూశారూ, మొనగాడు!
బూట్లు తప్ప లోకంలో ఇంకేమీ లేవు.
దుప్పటి కింద తలకి బదులు గుడ్డల మూట.
వెలుగు మంచం కోడు ఎక్కింది,
దుప్పటి అంచు పట్టుకుంది,
పాకుతోంది,
తెర మీది ముసలాడు నోరు మెదపడే!
దగ్గరా దద్దమ్మా, దగ్గు!

నేనే దగ్గాను.
ఓతియా దగ్గు. ముప్ఫై ఏళ్లయినా అరగలేదు,
అదే కుండ, అదే పగులు.
ముందు వరసల తలలు గిరుక్కున తిరిగాయి.
ఎవరో ష్ అన్నారు.
పక్క సీటు పిల్ల చీకట్లో సంచీ తడిమి
పుదీనా బిళ్ల ఒకటి నా అరచేతిలో పెట్టింది.

తెర మీద వెలుగు మంచం దాటి వెళ్లిపోయింది.
నా దగ్గు వల్ల కాదు, నాకు తెలుసు.
అంత మతి పోలేదింకా.
అయినా చేతులు వణికాయి,
బిళ్ల మీది కాగితం విప్పలేకపోయాను.

చివర్న పడవ, సూర్యోదయం, కౌగిలింతలు.
అవి లేకపోయినా నష్టం లేదు.
అప్పటికే నేను కోటు తొడుక్కుంటున్నాను.
ఐదుకి నాలుగు మార్కులిస్తాను.
మిగిలిన ఒకటీ ఆ పేరులేని ముసలాడికి బాకీ,
వాడికి పేరు పెట్టిన రోజున వచ్చి తీసుకోమనండి.

గింజల పొట్లం సీట్లోనే మర్చిపోయాను.