రెండో పిల్ల

మెకాంగ్ బురద ఉప్పునీళ్ళలో కలిసే మా ఊళ్ళో
తొలిచూలు బిడ్డను కూడా రెండో పిల్లా అనే పిలుస్తారు.
ఒకటి అన్న అంకె ఎవరికీ ఇవ్వరు.
గాలిలో తిరిగేవి వింటాయని, పెద్దదాన్ని ఎత్తుకుపోతాయని
నాయనమ్మ చెప్పేది, పులుసులోకి చింతపండు పిసుకుతూ.

నేను రెండో పిల్లను.
బడి రిజిస్టరులో మియెన్.

మూడేళ్ళ కిందట, ఆటు తీసిన తెల్లవారుజామున
ఆల్చిప్పలు ఏరుతూ మడచెట్ల మలుపు తిరిగాను.
పడవ బోర్లా పడిందనుకున్నాను.
తట్టి చూశాను, వలిచిన గుడ్డులా నున్నగా తగిలింది.
కన్ను తెరిచే ఉంది. కంట్లో ఇసుక.
తలగుడ్డ విప్పి తుడిచాను.
అప్పటికింకా ఎవరూ చూడలేదు.

మా దగ్గర తిమింగలం అనకూడదు, తాత అనాలి.
చచ్చిపోయాడనకూడదు, అలిసిపోయాడనాలి.
ముందు చూసినవాడే ఆయనకు పెద్దకొడుకు.
తలకు తెల్లగుడ్డ చుట్టి మూడేళ్ళు మైల పట్టాలి.

ఆ రాత్రి గుడి అరుగు మీద
టీ చల్లారి పైన మీగడ కట్టేదాకా ముసలాళ్ళు వాదించుకున్నారు.
ఆడపిల్ల పెద్దకొడుకెలా అవుతుంది?
పడవలకు కళ్ళు దిద్దే కియెంగ్ మాత్రం
"చూసింది కళ్ళు గదా,
కళ్ళలో ఆడా మగా ఏంటి" అని
చుట్ట ఆర్పి, ఇంటికి పోయి పడుకున్నాడు.

అలా నాకు ఒకటి అన్న అంకె దొరికింది.

గుడ్డ కొనక్కర్లేకపోయింది.
ఐదో నంబరు తుపానుకి నాన్న పడవ పోయినప్పుడు
నాయనమ్మ కొని తెచ్చిందే ఉంది.
కట్టుకోనివ్వలేదు అమ్మ,
మనిషి తిరిగొస్తే ఏ మొహం పెట్టుకుని విప్పుతామని.
ఏడేళ్ళు పెట్టెలో, కలరా ఉండల మధ్య.
తాత కోసం తీసిచ్చింది. మడతల దగ్గర పసుపెక్కింది.

ఇవాళ ఎనిమిదో నెల, పున్నమి మర్నాడు.
పడవలన్నీ తాతకు ఎదురెళ్ళాయి,
జెండాలతో, కాల్చిన పందితో, మునుపెన్నడూ పడవెక్కని బ్యాంకు మేనేజరుతో.
మైకులో నాటకాల సేనాధిపతి గొంతు సవరించుకుంటున్నాడు.
ఐసు ఫ్యాక్టరీకి సెలవు.

నేను వెళ్ళలేదు. నాకు పనుంది.
ఇసుక తవ్వి తీసిన ఎముకలు చాప మీద పరిచారు.
సారాతో కడగాలి, పెద్దకొడుకే మొదలుపెట్టాలి.
వెన్నుపూస ఒక్కోటీ కూర్చునే పీటంత.
సందుల్లో గరికవేళ్ళు, గోటితో గీకాను.
కళ్ళు మండాయి. సారా ఘాటని చెప్పాను, ఎవరూ అడక్కపోయినా.

అమ్మ వచ్చింది, రొయ్యల షెడ్డు తొడుగులు చేతులకే ఉన్నాయి.
వాటిని విప్పి నడుముకి దోపుకుంది.
ఒక ఎముక తీసుకుంది, ఈతరెక్కలోది,
మనిషి ముంజేయంత.
కడిగింది. తిప్పి కడిగింది.
తెల్లబడ్డాక కూడా కడిగింది.
చాలమ్మా అనలేదు నేను,
సీసా వంచుతూనే ఉన్నాను.

పడవలు తిరిగొచ్చాయి.
తాత నీళ్ళు చిమ్మాడని కొందరు, అల విరిగిందని కొందరు.
మేనేజరు మాత్రం ఏదీ చూడలేదు, దారంతా వాంతులు.

సాయంత్రం గుడి ముందు నా తెల్లగుడ్డ కాల్చేశారు.
తడి ఉందేమో, పొగే ఎక్కువ.
నుదుటికి గాలి కొత్తగా తగిలింది.

రేవులోంచి ఎవరో అరిచారు,
"రెండో పిల్లా, తాడందుకో!"
నేనూ తిరిగాను, అమ్మా తిరిగింది.
అమ్మ కూడా వాళ్ళింట్లో తొలిచూలే.
అలా పిలిచి ఎన్నేళ్ళయిందో.
తాడు అమ్మే అందుకుంది.