మొదటి తుమ్ము

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందో లేదో
చుట్టుగుంటలో మా పడమటి గోడ
మూడింటికల్లా పెనంలా కాలుతోంది.

స్టూలెక్కి
ఏసీకి తొడిగిన పాత లంగా ముసుగు విప్పాను.
నాలుగు నెలలుగా అలిగి మాట్లాడని ఆడపడుచులా
మూతి బిగించి గోడకంటుకుని ఉంది.

రిమోట్‌లో సెల్లుల్లేవు.
దీపావళి వెళ్ళాక తీసి టీవీ రిమోట్‌కి వేసింది నేనే.
ఇవాళ దాన్నోరు నొక్కి ఇటు తెచ్చాను.
మా ఇంటికి ఎండాకాలం వచ్చిందనడానికి పంచాంగం అక్కర్లేదు,
సన్న సెల్లులు రెండు చోటు మారతాయి.

నొక్కాను. టుయ్ మంది.
గాలి కంటే ముందు
తుమ్మొచ్చింది.

మా ఆయన మిర్చి యార్డులో కాటా గుమస్తా.
పొద్దస్తమానం టిక్కీలు తూచి తూచి
చొక్కా మడతల్లో కాస్త యార్డును ఇంటికి తెస్తాడు.
రైతుకి కోసే తరుగు ఎక్కడికి పోతుందోనని
వచ్చిన కొత్తలో అమాయకంగా అడిగేదాన్ని.
అందులో చిటికెడు
మా ఏసీ జల్లెడలోకి.

నాగుల్ మీరా వచ్చాడు.
మెడలో పైపు చుట్ట, చేతిలో నీళ్ళ మోటారు,
స్కూటీ దిగుతూనే “బకెట్లు రెండు పెట్టక్కా” అన్నాడు.
జల్లెడ బయటికి లాగాడు,
గోరింటాకు పండిన అరచెయ్యిలా ఉంది.
ఒకసారి తుమ్మి, “తేజా” అన్నాడు.
కళ్ళు తుడుచుకుని మళ్ళీ తుమ్మి,
“బాడిగ కూడా కలిసిందక్కా,
రంగుంది గానీ పస లేదు.”

ఏసీ నెత్తిమీద పాప విసిరిన కాగితం రాకెట్టు దొరికింది.
విప్పితే నాలుగో ఎక్కం,
నాలుగేళ్ళు ముప్పై దగ్గర ఆగిపోయి.
పాప ఇప్పుడు ఆరో క్లాసు.

మంగలి షాపు గుడ్డలా మిషన్ మెడకి కవరు కట్టి
నీళ్ళు కొట్టాడు.
మొదటి బకెట్ ఎరుపు,
రెండోది టీ రంగు,
మూడోది కూడా నీళ్ళనలేం.
స్నానాలగదిలో పారబోస్తుంటే
కారం నూరిన రోలు కడిగినట్టు ముక్కు అదిరింది.

సగం ఏడాది కోల్డ్ స్టోరేజీలో డ్యూటీ అతనికి.
“ఏటుకూరు రోడ్డులో ఆరు డిగ్రీలక్కా,
కాయలు గోతాల్లో హాయిగా పడుకుంటాయి.
రేటొచ్చేదాకా ఎవరూ లేపరు.
మే నెల్లో స్వెట్టరేసుకుంటా నేను.
బయటికి అడుగు పెట్టానా
కళ్ళజోడుకి ఆవిరి పట్టి
కాసేపు గుంటూరే కనపడదు.”

మరి మీ ఇంట్లోనో, అన్నాను.
“కూలరుంది. మా అమ్మ ఆపేస్తది,
మోకాళ్ళు పట్టేస్తన్నాయని.”

గ్యాసుకి వంక పెట్టలేదు. ఆరొందలే తీసుకున్నాడు.
చెయ్యి కడుక్కుంటూ కన్ను నలుపుకున్నాడు,
అనుభవం ఉన్నవాడే, అయినా.

ఇంతలో కింద నుంచి సువార్తమ్మ గారి కేక:
“మీ పైపు నీళ్ళన్నీ మా చల్లమిరపకాయల మీదే!”
తొంగి చూశాను.
పళ్ళెంలో మజ్జిగ పట్టి ముడుచుకున్న కాయల మీద
మా కారం బొట్లు బొట్లుగా పడుతోంది.
నవ్వాపుకుని “వస్తున్నానండీ” అన్నాను.
పాత చున్నీ చింపి పైపుని పక్కకి కట్టాను,
కరివేపాకు డబ్బాలోకి.
అది ఏమంటుందో వారం ఆగి చూడాలి.

రాత్రి స్నానం చేసొచ్చి
విడిచిన చొక్కా ఏసీ కింద కొక్కేనికి తగిలించబోయాడు.
చెయ్యి పట్టుకుని ఆపాను,
బాల్కనీ తీగ చూపించాను.
“యార్డుకి సెలవులిచ్చేదాకా అది లోపలికి రాదు.”
ఏదో అనబోయి, పాప వంక చూసి,
బయట ఆరేసి వచ్చాడు.

ఇరవై ఏడులో పెట్టాను, బిల్లు భయం.
మొదట తడి గోనె వాసన,
తర్వాత ఏ వాసనా లేదు.

నిద్రలోకి జారుతూ ఆయన
ఏదో పోగొట్టుకున్నవాడిలా
గాలిని రెండుసార్లు ఎగబీల్చి
అటు తిరిగి పడుకున్నాడు.