మూడు గంటల అడవి

పొద్దున్నే చొక్కా విప్పి
ఆఫీసు గది వెనక మేకుకి తగిలిస్తాను.
చెట్టు నార బట్ట చుట్టుకుంటాను.
మా నాన్న కట్టింది ఇలా ఉండేది కాదు,
ఫోటోల్లో ఇదే బావుంటుందట.

అగ్నిపర్వతం నెత్తిన మబ్బు ఇంకా లేవలేదు.
రాతిగోడ దగ్గర ఎనిమిది మంది,
ఎనిమిది జతల కొత్త బూట్లు,
వెనక తుపాకీతో గసోరే.
తుపాకీ అడవిదున్నల కోసం, భయపడకండి అంటాడు.
నిజమే.
నాకు పదకొండేళ్లప్పుడు మాత్రం
దున్నలం మేమే.

గోడ దాటితే నా కాళ్లు నా మాట వినవు.
పట్టి పట్టి నడిపిస్తాను,
వాళ్ల మోకాళ్లు ఎత్తుకి అలవాటు లేనివి.
ఇది జ్వరానికి, ఇది బాలింతకి,
ఇది మాట రాని పిల్లాడి నాలుక కింద పెట్టడానికి.
రెండు పుల్లలు రాపాడించి నిప్పు చేస్తాను.
చప్పట్లు!
నిప్పుకి చప్పట్లు కొట్టేవాళ్లున్నారంటే
తాత నవ్వలేక చచ్చేవాడు.
లైటరు చొక్కా జేబులో ఉంది,
చొక్కా మేకుకి ఉంది.

సంస్థ అమ్మాయి లీసెలోట్ అన్నీ రాసుకుంటుంది,
ఆకు, బెరడు, పేరు, వాడకం.
మంచి పిల్ల.
టికెట్టులో మా వాటా కోసం
రాజధానికి పోయి బల్లలు గుద్ది వచ్చింది.
ఆ డబ్బుతోనే మా న్యిరాబహిరే కాలు తిన్నగా అయింది,
అబద్ధమెందుకు.

ఆవలి లోయలో గొరిల్లా ఈనిందని చెప్పింది.
బిడ్డకి పేరు పెట్టారు, తేదీ వేశారు,
దగ్గితే డాక్టరు కొండెక్కి వస్తాడు.
దాని మీద నాకేం కోపం?
పాత ఇరుగు.
మేం లేచిపోయాక ఇల్లు కనిపెట్టుకుని ఉంది.
నా కార్డు మీద పుట్టినరోజు జనవరి ఒకటి.
నా తమ్ముడిదీ అదే, వదినదీ అదే,
మా వాడంతా ఒకే పొద్దున పుట్టింది.

వాగు మలుపులో ఆ చెట్టు.
బెరడు ఎర్రగా, పొరలు పొరలుగా ఊడుతూ.
దాని వేళ్ల మధ్య మా చెల్లి ఉంది,
పేరు పెట్టేంత కాలం బతకలేదు.
నుదురు ఆనించాను.
ఎంతసేపో తెలియదు.
వెనక నుంచి ఒక పెద్దాయన, మర్యాదగానే,
"ఇంకోసారి చేస్తారా? కెమెరా తెరవలేదు" అన్నాడు.

చేశాను.
రెండోసారి ఎంత బాగా చేశానంటే
ఒకావిడ కళ్లు తుడుచుకుంది.

దిగేటప్పుడు గాలి తిరిగింది.
ముక్కు ముందు ఆగింది, తర్వాత నేను.
నాచు కింద, వేలు పట్టేంత బెజ్జం,
కుట్టని చిన్న ఈగలు వచ్చిపోతున్నాయి.
నాన్న ఒకే ఒక్కసారి చూపించాడు ఇలాంటిది,
అక్కడే నేర్పాడు, సగం తీసి సగం మూయడం.
కాలిపట్టీ సవరించుకునే మిషతో వంగి
చూపుడువేలు లోపలికి పోనిచ్చాను.
"ఏమైంది, సెబగబో?"
పుస్తకం తెరిచే ఉంది, కలం మొన నా వైపే.
"ముల్లు" అన్నాను.
ఇచ్చిన పేర్లలో ఈ పేరు లేదు.

గసోరే చూశాడు.
చూసినవాడు గడియారం చూసుకున్నాడు.
"పదకొండయింది, పదండి."

తీసుకుపోవడానికి లేదు, చట్టం.
తేనె కాదు, పుల్ల కాదు, రాలిన ఈక కూడా కాదు.
గోడ దగ్గర సంచులు వెతుకుతారు.
చేతులు చూపించాను, ఖాళీ.

రాత్రి కూలి పొలం గట్టు మీది మా గుడిసెలో
బంగాళాదుంపలు ఉడుకుతుంటే
న్యిరాబహిరేని పిలిచి
వేలు దాని ముక్కు దగ్గర పెట్టాను.
కళ్లు మూసుకుని పీల్చింది.
"పొగ" అంది.
"దాని వెనక" అన్నాను.
మళ్లీ పీల్చింది.